ముడిమాటలు

వంటింట్లోంచి ఘాటైన పొగ హాల్లోకి వచ్చేసరికి సుభాషిణికి దగ్గొచ్చింది. పోపులో మిరపకాయలు మాడుతున్నాయి. "నీలా, స్టవ్ చూడవే!" అని కేకేసింది. జవాబు లేదు. లేచి వెళ్ళి చూస్తే మరదలు నీలవేణి స్టవ్ ముందే నుంచుని ఉంది. చేతిలోని గరిటె బాణలికి జానెడు ఎత్తున ఆగిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కాని రెప్ప పడడం లేదు.

సుభాషిణి ముందు స్టవ్ కట్టేసింది. తర్వాత నీలవేణి భుజం పట్టుకుని కుదిపింది. మనిషి ఊగిందే తప్ప చూపు మారలేదు.

"గౌరీ! ఒరే, ఇలా రారా!"

వరండాలోంచి తమ్ముడూ పలకలేదు. సుభాషిణి అటు పరిగెత్తింది. గౌరీనాయుడు కుర్చీలో కూర్చుని చొక్కా బొత్తాం పెట్టుకుంటున్నాడు. బొత్తాం సగం కాజాలో దూరింది. అక్కడే వేళ్ళు ఆగిపోయాయి. అతని కళ్ళూ అలాగే ఉన్నాయి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక సుభాషిణి హాలు మధ్యలో నిలబడిపోయింది. ఫోను ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు. అంతలో బొత్తాం కాజాలో పడింది. సరిగ్గా అదే క్షణాన వంటింట్లో గరిటె బాణలికి తగిలిన చప్పుడు వినిపించింది.

"ఏటక్కా, అలా చూస్తన్నావు?" అన్నాడు గౌరీనాయుడు.

"ఏటయిందిరా మీకు?"

"ఏటీ అవలేదే!"

వంటింట్లో నీలవేణి మాడిన పోపుని చూసి, "అయ్యో, ఇదెప్పుడు మాడిపోయిందో!" అని ఆశ్చర్యపోతోంది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర సుభాషిణి వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చుంది. తమ్ముడు చెయ్యి కొంచెం చాపితే చాలు, నీలవేణి మజ్జిగ గిన్నె అందిస్తోంది. ఆమె తల తిప్పేలోగా అతను ఫ్యాన్ తగ్గిస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. మొదట్లో ఇది చూసి ఎంత ముచ్చటగా ఉందో అనుకుంది. ఇప్పుడు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"మీరిద్దరూ ఇంట్లో మాట్లాడుకోరా?" అని అడిగింది.

నీలవేణి నవ్వింది. "ఎందుకు వదినా? తనకేటి కావాలో నాకు తెలుస్తాది, నాకేటి కావాలో తనకి తెలుస్తాది. ఇంక మాటలెందుకు?"

* * *

ఒకప్పుడు ఆ ఇంట్లో మాటలకి కరువు ఉండేది కాదు. విజయనగరం చుట్టుపక్కల ఎక్కడ కబడ్డీ పోటీలు జరిగినా మైకు గౌరీనాయుడి చేతిలోనే ఉండేది. అతను చెప్తుంటే గుడ్డివాడికి కూడా ఆట కనిపిస్తుందని జనం అనేవాళ్ళు. నీలవేణి జిల్లా జట్టులో పేరున్న రైడర్. ఒకసారి సాలూరులో ఆమె కూతకి వెళ్తుంటే అతను ఆట వదిలేసి ఆమె జడ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. జనం పడీపడీ నవ్వారు. ఆట అయ్యాక ఆమె నేరుగా మైకు దగ్గరికి వచ్చి, "పాయింట్లు చెప్పండి చాలు" అంది. మరుసటేడు వాళ్ళకి పెళ్ళయింది. ఆమె ఒక బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరింది.

తర్వాత పార్వతీపురం దారిలో లారీ గుద్దింది. గౌరీనాయుడు బతికాడు గాని మాట పోయింది. అన్నీ అర్థమయ్యేవి. ఉప్పు కావాలని మనసులో ఉండేది, నోటికి మాత్రం ఆ మాట దొరికేది కాదు. "ఊ... ఊ..." అని, చివరికి కంచం పక్కకి నెట్టి లేచిపోయేవాడు.

సుభాషిణి గణితం చదివింది. చుక్కల్ని గీతలతో కలిపితే వచ్చే అల్లికల గురించి, అందులోనూ అంతులేని అల్లికల గురించి, ఆమె పరిశోధన. ఆ చదువు ఎవరికి పనికొస్తుందని ఇంట్లో అందరూ అడిగేవాళ్ళు. భీమిలి రోడ్డులోని సాగరిక నాడీ పరిశోధన కేంద్రం వాళ్ళకి పనికొచ్చింది. మెదడులో ఆలోచన ఏ దారిన పోతోందో బొమ్మ గీసే పని ఆమెకి అప్పగించారు. కేంద్రానికి పెద్ద డాక్టర్ అచ్యుతరాజు. ఆయన కనిపెట్టినదే జంటనూలు.

మనిషి సొంత కణాల్లోంచే పెంచిన ప్రాణమున్న నూలు అది, వెంట్రుక కన్నా సన్నం. దెబ్బతిన్న చోట నాటితే మెదడులో వేళ్ళూనుతుంది. చెవి వెనక చర్మం కింద పెసరగింజంత పూస ఒకటి ఉంటుంది. ఆ పూస, ఇంకొకరి చెవి వెనక ఉన్న అలాంటి పూసతో మాట్లాడుతుంది. మాట వెతుక్కోలేని మెదడుకి, వెతుక్కోగల మెదడు చెయ్యందిస్తుంది. గౌరీనాయుడికి ఆ రెండో మనిషి ఎవరన్న ప్రశ్న రాకముందే, నీలవేణి జడ ముడేసుకుని చెవి చూపించింది.

కొన్ని వారాలకి అతను నోరు విప్పాడు. "వేణీ... నీ జడ... ఊడిపోతంది" అన్నాడు. గదిలో ఏడవనివాళ్ళు లేరు. అచ్యుతరాజు గారు కళ్ళద్దాలు తుడుచుకోవడానికి బయటికి వెళ్ళిపోయారు.

అందరూ అనుకున్నది, నూలు మాటల దగ్గరే ఆగుతుందని. అది ఆగలేదు.

* * *

సోమవారం ఉదయం సుభాషిణి డాక్టరుగారికి తెర మీద బొమ్మ చూపించింది.

"ఇది నెలకిందటిది సార్. ఒక్కో చుక్క ఒక్కో తలపు. ఎడమవైపువి మా తమ్ముడివి, కుడివైపువి నీలవేణివి. మధ్యలో ఈ కాసిని గీతలు మాటలు. ఇప్పుడు నిన్నటిది చూడండి."

నిన్నటి బొమ్మలో ఎడమా కుడీ లేవు. తెరంతా తేనెతుట్టెలా ఉంది. సుభాషిణి ఒక చోట పట్టుకుని పెద్దది చేస్తే లోపల మళ్ళీ అంత తుట్టె, అందులో ఒక చోట పెద్దది చేస్తే మళ్ళీ అంత.

"ఇది ఎక్కడ ఆగుతుంది?" అన్నారు అచ్యుతరాజు.

"ఆగదు సార్. వాడికి ఆకలేసిందనుకోండి. ఆమెకి తెలుస్తుంది. ఆమెకి తెలిసిందని వాడికి తెలుస్తుంది. వాడికి తెలిసిందని మళ్ళీ ఆమెకి. ఎదురెదురు అద్దాల్లా. ప్రతి ప్రతిబింబానికీ నూలు ఒక కొత్త దారి వేసుకుంటోంది. ఒక తలపు అందులో పడితే చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, బయటికి దారి దొరకదు. ఆ సేపు ఇంక దేనికీ చోటుండదు. రెప్ప వెయ్యడానికి కూడా."

ఆయన ఆ తుట్టెని తనే ఇంకోసారి పెద్దది చేసి చూశారు. తర్వాత, "పూసలు కట్టేస్తే?" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

కేంద్రంలో మొదట జంటనూలు నాటి చూసిన రెండు కోతులూ ఇద్దరికీ గుర్తొచ్చాయి. కిందటేడు వాటి పూసల్ని ఒక్కసారిగా కట్టేశారు. అవి చేతిలో అరటిపండు పట్టుకుని, అది తినేదని తెలియక దానికేసి చూస్తూ కూర్చున్నాయి. ఒకదాని తలపుల్లో సగం రెండోదాని తలలో నివాసముండేవి. తెంచగానే ఎటూ కాకుండా పోయాయి.

"మీ తమ్ముడికి మాట పోతుంది. ఆమెకి ఏం పోతుందో చెప్పలేను" అన్నారాయన.

అంతలో సుభాషిణి ఫోను మోగింది. పాఠశాల నుంచి. నీలవేణి మేడమ్ ఆటస్థలం మధ్యలో ఈల నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయిందట. పిల్లలు ముందు ఆట అనుకున్నారు. ఎండలో ఎంతకీ కదలకపోతే నలుగురు కలిసి ఎత్తి వరండాలోకి చేర్చారట. సుభాషిణి వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. ఎంతసేపటికో ఎత్తాడు. మేడమెట్ల మీద ఉన్నాడట, కింద పడలేదట. "ఎండ ఇటునుంచి అటు ఎప్పుడు తిరిగిపోయిందో తెలీలేదక్కా" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

ఆ సాయంత్రమే ఇద్దరినీ కేంద్రంలో చేర్చారు. అచ్యుతరాజు గారు సుభాషిణిని పక్కకి పిలిచారు.

"అమ్మా, రెప్ప దగ్గర ఆగింది కాబట్టి సరిపోయింది. ఊపిరి దగ్గర ఆగితే? అలా ఆగిందంటే నేను నిన్ను అడగను. కట్టేస్తాను. కోతుల్లాగైనా బతికుంటారు."

"నాకు కొంచెం టైమివ్వండి సార్. తెంచడం కాదు, విడదియ్యడం చూస్తాను."

* * *

సుభాషిణి ముందు చేసింది ఎవరైనా చేసేదే. తమ్ముడివి ఒక పక్కకి, మరదలివి ఒక పక్కకి తేవాలని చూసింది. మధ్యలో ఏ చుక్కల దగ్గర విడదీస్తే రెండు ముక్కలవుతాయో కంప్యూటర్‌ని వెతకమంది. వంద దారులు మూసేస్తే నూట ఒకటోది కనిపించింది. వెయ్యి మూసేసినా అంతే. అతని నుంచి ఆమెకి వెళ్ళే దారులకి లెక్కే లేదు, ఒకదాన్నొకటి తాకని దారులే అంతులేనన్ని. అలాంటి చోట కత్తి పెట్టడానికి వీలుండదని ఆమె చదివిన గణితమే చెబుతుంది. తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ చేసింది. చివరికి కీబోర్డు మీద తల వాల్చేసింది.

మర్నాడు నీలవేణి, "వదినా, నాకు రెండు జతల బట్టలు తెచ్చీవా?" అని అడిగింది. సుభాషిణి విజయనగరం వెళ్ళి ఆ ఇంటి తాళం తీసి, బీరువా ముందు నిలబడింది.

పై అరలో నీలవేణి బట్టలుంటాయనుకుంది. తీస్తే చీరల పక్కన తమ్ముడి పట్టుపంచె, అత్తరు సీసా, పెళ్ళిళ్ళకి పట్టుకెళ్ళే చేతిసంచీ కనిపించాయి. కింది అరలో అతని కాన్వాసు బూట్లు, ఆమె ట్రాక్ ప్యాంట్లు, మోకాలి పట్టీలు, మైకు మీద తొడిగే స్పాంజి. ఇంకో అరలో రెయిన్‌కోట్లు, గొడుగు, ఇద్దరి పాత స్వెట్టర్లు. ఇది అతని అర, ఇది ఆమె అర అని చెప్పడానికి ఒక్కటీ లేదు. పెళ్ళికి వెళ్ళేటప్పటివి ఒక చోట, ఆటకి వెళ్ళేటప్పటివి ఒక చోట, వానకి ఒక చోట సర్దుకున్నారు. రుమాళ్ళు మాత్రం ప్రతి అరలోనూ ఉన్నాయి.

సుభాషిణి బట్టలు మర్చిపోయి మంచం మీద కూర్చుండిపోయింది. "మనిషికీ మనిషికీ మధ్య వెతికాను కదా, ఎంత బుద్ధితక్కువదాన్ని!" అని పైకే అనుకుంది.

బట్టల సంచీతో కేంద్రానికి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అచ్యుతరాజు గారు భోజనం చేస్తున్నారు. ఆమె ఆయన బల్ల మీదున్న కాగితం లాక్కుని రోడ్లు గీసింది.

"సార్, విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్తాం కదా. మైదానంలో ఎన్ని ఊళ్ళున్నా, ఎన్ని దారులున్నా, ఈ దారిన కొండెక్కాలంటే ఎస్.కోట తగలాల్సిందే. అక్కడ విడదీస్తే మైదానం వేరు, కొండ వేరు. మరి ఎస్.కోట ఎవరికి చెందుతుంది?"

"రెండింటికీ" అన్నారాయన, అన్నం కలుపుతూ.

"అదే! కోతుల విషయంలో మనం చేసిన తప్పు అదే. ముడి ఉన్న చోటు తీసేశాం. తియ్యకూడదు, రెండు ముక్కల్లోనూ ఉంచాలి. అల్లిక ఎంత అంతులేనిదైనా, ఇలా కొద్ది చుక్కల దగ్గర విడిపోయే చోట్లు ఉంటే చాలు. అన్ని చోట్లా విడదీసుకుంటూ పోతే ముక్కలన్నీ చెట్టుకొమ్మల్లా అమరుతాయి. కొమ్మ నుంచి కొమ్మకి వెళ్ళొచ్చు. చుట్టు తిరిగి రావడం మాత్రం ఉండదు. తలపు వెళ్తుంది, ఎక్కడో ఆకు దగ్గర ఆరిపోతుంది."

"కాని ఆ చోట్లు దొరకలేదన్నావు నిన్న."

"వాడికీ ఆమెకీ మధ్య దొరకలేదు. వాళ్ళ కాపురంలో దొరుకుతాయి. వంటకీ ఆటకీ మధ్య. ఆటకీ వానకీ మధ్య. ప్రతి ముక్కలో ఇద్దరూ ఉంటారు సార్, పర్వాలేదు."

ఆయన ఎంగిలి చేత్తోనే లేచి తెర దగ్గరికి వచ్చారు. సుభాషిణి కంప్యూటర్‌కి కొత్తగా చెప్పి చూసింది. తేనెతుట్టె కదిలింది. మొదటి కోత ఆరు చుక్కల దగ్గర దొరికింది. ఆ ఆరూ మాటలే. చెమట, నీళ్ళు, ఆకలి, అరుపు, గెలుపు, ఇల్లు. ఆటని ఇంటితో కలుపుతున్న మాటలు అవి. సుభాషిణి వాటికి ముడిమాటలని పేరు పెట్టింది.

* * *

పని మర్నాడు పొద్దున్న మొదలైంది. గదికి ఆ చివర గౌరీనాయుడు, ఈ చివర నీలవేణి, మధ్యలో సుభాషిణి. నూలు మీద సన్నని నీలికాంతి వేస్తే ఆ పోగు నిద్రపోతుంది. ఆ కాంతి మీట అచ్యుతరాజు గారి చేతిలో ఉంది. పోగు నిద్రపోకముందే ఆ మాట ఇద్దరి తలల్లోనూ విడివిడిగా వేరు పట్టాలి. అందుకు ఆ మాటతో ఎవరి జ్ఞాపకం వాళ్ళు, ఎవరి నోటితో వాళ్ళు చెప్పాలి.

"చెమట" అంది సుభాషిణి.

నీలవేణి తడుముకోకుండా అంది. "స్టేట్ మీట్‌కి వెళ్ళినప్పుడు జెర్సీ పిండితే బకెట్ నిండింది."

గౌరీనాయుడికి కొంచెం సేపు పట్టింది. "మైకు... జారిపోయేది. చేతిలోంచి. చెమటకి."

కాంతి పడింది. పోగు నిద్రపోయింది. సుభాషిణి తమ్ముడి వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పరా, ఏ మాట అది?"

"చెమట" అన్నాడు తమ్ముడు. ఈసారి ఆ మాట అతని సొంతం. నీలవేణి, "నాకు లోపల వినపడలేదు వదినా. చెవితోటే విన్నాను" అంది వింతగా.

అలా రోజులు నడిచాయి. కొన్ని మాటలు పట్టలేదు. నీలవేణికి కుంకుడుకాయని ఏమంటారో పోయింది, చేత్తో రుద్దుకుంటున్నట్టు చూపించాల్సి వచ్చింది. పెళ్ళిరోజున వాన పడిందో లేదో ఇద్దరికీ గుర్తు లేకుండా పోయింది. "పడింది. తలంబ్రాలు ముద్దయిపోయాయి" అని సుభాషిణి చెప్పింది. గౌరీనాయుడి మాట నెమ్మదించింది. మూడు మాటలకోసారి ఆగి వెతుక్కుంటున్నాడు. మైకు ముందు నుంచోగలడా అని అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కాని తుట్టె ముక్కలు ముక్కలుగా విడిపోయి, తెర మీద నిజంగానే కొమ్మల్లా పరుచుకుంటోంది. ఆగిపోవడాలు తగ్గాయి. ఒక రోజంతా ఒక్కసారి కూడా రాలేదు.

చివరికి ఒక్క ముక్క మిగిలింది. అరచేతంత, నల్లగా, చిక్కగా ఉంది. సుభాషిణి దాన్ని ఎన్ని రకాలుగా వెతికినా విడదీసే చోటు దొరకలేదు. లోపల దారులు అంతులేనన్ని, ఒకే వైపుకి పరిగెడుతున్నాయి. అలాంటిదాన్ని ఇంకా చిన్నది చెయ్యడం లెక్కల వల్ల కాదని ఆమెకి తెలుసు.

ఆ ముక్కలో వెలుగుతున్న మాటలు చదివింది. రైలు. జట్టు. అమ్మాయిలు. హాస్టలు. భారం. అనంతపురం.

అనంతపురంలో వీళ్ళకి చుట్టాలెవరూ లేరే అనుకుని, మామూలుగా అడిగేసింది. "నీలా, అనంతపురంలో ఎవరున్నారే?"

గదికి ఈ చివర నీలవేణి, ఆ చివర గౌరీనాయుడు, ఇద్దరూ బిగుసుకుపోయారు. ఇంతకుముందులా కాదు. నర్సు రెండు మంచాల దగ్గరికీ పరిగెత్తి చూసి, "సార్, ఊపిరి లేదు! ఇద్దరికీ!" అంది.

అచ్యుతరాజు గారి చెయ్యి పూసలు కట్టేసే మీట మీదికి వెళ్ళింది.

"ఆగండి సార్!"

"నేను చెప్పాను కదమ్మా!"

"ఒక్క మాట అననివ్వండి! ఒక్కటే!"

ఆయన చెయ్యి మీట మీదే ఆగింది. సుభాషిణికి తెర మీద ఇప్పుడు చదివిన ఆరు మాటలే తెలుసు. మిగిలినది అప్పటికప్పుడు అర్థమైంది. ఒకరి లోపలిది ఒకరికి తెలుసు కాబట్టి వీళ్ళు ఎప్పుడూ పైకి అనుకోనిది ఏదో ఉంది. పైకి అనలేదు కాబట్టే అది అద్దాల మధ్య తిరుగుతోంది. నలుగురి ముందూ గట్టిగా అనేసిన మాటకి అద్దాలుండవు. అది అందరి చెవుల్లోనూ ఒకేసారి పడుతుంది. నీకు తెలుసా, నాకు తెలుసని నీకు తెలుసా అన్న ప్రశ్న ఇంక ఉండదు.

ఆమె గది మధ్యలో నిలబడి, తన గొంతు తనకే కొత్తగా వినిపించేంత గట్టిగా అరిచింది.

"నీలవేణికి అనంతపురం నుంచి పిలుపొచ్చింది! అమ్మాయిల హాస్టల్లో కోచ్‌గా! వెళ్ళాలని ఉంది! వెళ్తే గౌరి ఒంటరిగా ఉండిపోతాడని వెళ్ళనంది! తను భారమైపోయానని గౌరి అనుకుంటన్నాడు! ఈ మాట ఇద్దరికీ తెలుసు! నాకూ తెలుసు, డాక్టరుగారికీ తెలుసు, అందరికీ తెలిసిపోయింది! ఇంక దాచడానికి ఏటీ లేదు!"

గౌరీనాయుడి రెప్ప ఒకసారి కదిలింది. తర్వాత నీలవేణి, నీళ్ళలోంచి పైకి లేచిన మనిషిలా పెద్దగా ఊపిరి పీల్చింది. ఆ వెంటనే అతనూ పీల్చాడు. నర్సు మంచం పట్టె పట్టుకుని కూలబడింది.

"ఎవరు చెప్పారు వదినా నీకు?" అంది నీలవేణి. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. నాక్కాదు, వాడికి."

నీలవేణి చాలాసేపు భర్త వైపు చూసింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. తెర మీద నల్లటి ముక్క మళ్ళీ చిక్కబడబోయింది.

"లోపల కాదు. పైకి అను" అంది సుభాషిణి.

"నాకు వెళ్ళాలని ఉంది, గౌరీ" అంది నీలవేణి. "చాలా ఉంది. ఆ ఫోను వచ్చిన రోజు నువ్వు పక్క గదిలో ఉన్నావు. నేను వద్దన్నాను. నీకు తెలిసిపోయిందని తెలుసు. నువ్వు ఒక్క మాట అంటావేమోనని చూశాను. నువ్వు అనలేదు. నాకు కోపమొచ్చింది. ఆ కోపం నీకు తెలుస్తాదని భయమేసింది."

గౌరీనాయుడు మాట కోసం వెతుక్కున్నాడు. ఈసారి అందించేవాళ్ళెవరూ లేరు. నుదుటి మీద చెమట పట్టింది.

"వెళ్ళమంటే... మంచివాడిలా నటిస్తన్నాను... అనుకుంటావని. వద్దంటే... నీ కాళ్ళకి..." ఆగాడు. మాట దొరకలేదు. చేత్తో గాలిలో చుట్టి ముడేసినట్టు చూపించాడు. "అదీ. అందుకే... ఊరుకున్నాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు... నాకు కోపమొస్తంది. నన్ను అడక్కండా... వద్దన్నావు. నా గురించి... నన్నే అడగలేదు."

నీలవేణి ఏడుస్తూనే నవ్వింది. "తప్పే. అడగాల్సింది."

తెర మీద ఆ నల్లటి ముక్క పలచబడుతోంది. దారులు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి. అచ్యుతరాజు గారు మీట మీంచి చెయ్యి తీసి, ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నారు.

"ఇప్పుడు విడదియ్యొచ్చమ్మా. రెండే చోట్ల అంటుకుని ఉంది" అన్నారు నెమ్మదిగా.

* * *

ఇంటికి పంపిన రోజు మధ్యాహ్నం సుభాషిణి కారు మాట్లాడింది. తను డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక సీట్లో వాళ్ళిద్దరూ. చెవుల వెనక పూసలున్నాయి గాని, మాటకి ఆసరా ఇచ్చే కొన్ని పోగులు తప్ప అన్నీ నిద్రపోతున్నాయి. భీమిలి దాటాక కొబ్బరిబోండాల బండి దగ్గర ఆపారు. బోండాం తాగుతూ నీలవేణి భర్త మొహంలోకి అదే పనిగా చూసింది.

"ఏటి?" అన్నాడతను.

"నువ్వేటి అనుకుంటన్నావో నాకు తెలీడం లేదు."

"భయంగా ఉందా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "లేదు. ఇంట్లో చుట్టాలందరూ వెళ్ళిపోయాక ఉంటాది చూడు, అలగ ఉంది. హాయిగా ఉంది." తర్వాత అడిగింది. "ఇంతకీ ఏటనుకుంటన్నావు?"

"చెప్పను."

"చెప్పవా?"

"బతిమాలు."

"పోవోయ్" అని ఆమె ఖాళీ బోండాం బుట్టలో పడేసి కారెక్కింది. కారు కదిలాక అతనే మొదలుపెట్టాడు. అనంతపురంలో ఎండ... ఎక్కువట. తనూ వచ్చేస్తాడట. మైకు పని లేకపోతే ఏం, పిల్లలకి పాయింట్లు రాసిపెడతాడట. వద్దంది నీలవేణి. ముందు తను ఒక్కర్తీ వెళ్ళి చూసుకుంటుందట, ఇతను విజయనగరంలో ఉండి మాట బాగుచేసుకోవాలట. అతను ఒప్పుకోలేదు. అతను ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చేలోపు ఆమె రెండు మాటలు అనేస్తోంది. "ఆగు... ఆగవే... నన్ను పూర్తి చెయ్యనీ!" అంటున్నాడు. ఆమె ఆగుతోంది. చెప్పింది విని, మళ్ళీ కాదంటోంది.

"అమ్మా, ఏసీ పెంచమంటారా?" అని డ్రైవరు అడిగాడు.

సుభాషిణి తల అడ్డంగా ఊపింది. వెనక సీట్లో తగువు గట్టిపడుతోంది. ఎన్నో వారాల తర్వాత ఆమెకి నిద్ర ముంచుకొచ్చింది. కిటికీ అద్దానికి తల ఆనించి, ఆ తగువు వింటూ వింటూ నిద్రపోయింది.